ఫ్లాంజ్ జాయింటుకు గాస్కెట్ మార్చే పద్ధతి

ఫ్లాంజ్ జాయింటు (పైపుల చివర ఉండే వెడల్పాటి అంచులను, అంటే ఫ్లాంజ్‌లను, బోల్టులతో కలిపిన చోటు) కారితే అందరూ ముందుగా ఆ అంచుల మధ్య పెట్టే మెత్తటి బిళ్ళ అయిన గాస్కెట్‌నే తప్పుపడతారు. నిజానికి గాస్కెట్ తనంతట తాను దేనినీ ఆపదు. బిగువుగా సాగిన బోల్టులు రెండు ఫ్లాంజ్ ముఖాలను దగ్గరకు లాగి దానిని నొక్కి ఉంచినంత కాలమే అది పనిచేస్తుంది. అందుచేత సరైన గాస్కెట్‌ను ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, ఆ నొక్కుడు చుట్టూ సమంగా ఉండేటట్లు బిగించడమూ అంతే ముఖ్యం. నా దృష్టిలో ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది ఈ రెండవ దాని విషయంలోనే.

ఎంపికకు ముందు పైపులో ప్రవహించేది ఏమిటో, దాని గరిష్ఠ ఉష్ణోగ్రత, పీడనం ఎంతో తెలుసుకోవాలి. నైట్రైల్ రబ్బరు నూనెలకు తట్టుకుంటుంది గానీ, సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో చాలాకాలం ఉంటే గట్టిపడుతుంది. ఈపీడీఎం రబ్బరు వేడినీటికి అనువైనదే అయినా పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుంది. ఇవి రెండూ సాధారణంగా నల్లగానే ఉంటాయి కాబట్టి, చూసి పోల్చుకోగలమని అనుకోవడం ప్రమాదం. టెఫ్లాన్ దాదాపు అన్ని రసాయనాలకూ, సుమారు 260 డిగ్రీల వేడికీ ఓర్చుకుంటుంది. అయితే ఒత్తిడి కింద మెల్లగా పక్కలకు జరిగిపోయే గుణం దానికి ఉంది, దానితో బోల్టుల పట్టు సడలుతుంది. అధిక పీడనపు ఆవిరికి లోహపు పట్టీని చుట్టలుగా చుట్టి, మధ్యలో గ్రాఫైట్ నింపిన స్పైరల్ వూండ్ గాస్కెట్ తగినది. షీటు గాస్కెట్ ఎంత మందంగా ఉంటే అంత మంచిదన్నది అపోహ. ముఖాలు చదునుగా ఉన్నప్పుడు 3 మిల్లీమీటర్ల షీటు కన్నా 1.5 మిల్లీమీటర్ల షీటే తక్కువ సడలుతుంది.

లైనును మూసి, ఖాళీ చేసి, లోపల పీడనం లేదని నిర్ధారించుకున్న తరువాతే బోల్టులను ముట్టుకోవాలి. అప్పుడు కూడా మనకు దూరంగా ఉన్న వైపు బోల్టులను ముందు వదులు చేస్తే, మిగిలిపోయిన ద్రవం మన మీదికి చిమ్మదు. తీసిన గాస్కెట్‌ను పారేయకుండా పరిశీలించండి: ఒక వైపు లోతుగా, మరొక వైపు పైపైన అచ్చు పడి ఉంటే లోపం బిగింపులో ఉన్నట్లే. అది ఆస్బెస్టాస్ కావచ్చునన్న అనుమానం ఉంటే పొడిగా గీకకూడదు. ముఖాలను ఇత్తడి స్క్రేపరుతో శుభ్రం చేసి, లోపలి అంచు నుంచి బయటికి అడ్డంగా పోయే గీతలు ఉన్నాయేమో వెతకాలి. లీకుకు దారి ఇచ్చేవి అవే.

కొత్త గాస్కెట్‌కు గ్రీజు పూయవద్దు, జారిపోతుంది. గ్రీజు కావలసింది బోల్టు మరల (థ్రెడ్ల) మీదా, నట్టు ఆనే ముఖం మీదా. ఎందుకంటే మనం నట్టును తిప్పడానికి పెట్టే బలం, అంటే టార్క్‌లో, దాదాపు 90 శాతం ఘర్షణకే ఖర్చయి, బోల్టును సాగదీసేది సుమారు పదోవంతే. ఎనిమిది బోల్టులు ఉంటే వాటికి చుట్టూ వేసిన వరుస సంఖ్యల ప్రకారం 1, 5, 3, 7, 2, 6, 4, 8 క్రమంలో, మొదట నిర్ణీత టార్క్‌లో 30 శాతం, తరువాత 60, ఆపైన 100 శాతం వరకు బిగించి, చివరగా ఏ నట్టూ కదలనంత వరకు చుట్టూ వరుసగా తిప్పుతూ రావాలి.

కొన్ని గంటలు ఆగి, లైను ప్రారంభించక ముందే, చల్లని స్థితిలో మరొకసారి టార్క్ సరిచూడాలి. రబ్బరుతో బంధించిన ఫైబర్ షీటు గాస్కెట్‌ను మాత్రం ఒకసారి వేడెక్కిన తరువాత తిరిగి బిగించకూడదు. గట్టిపడిన రబ్బరు పగులుతుంది. అది కారితే లైను ఆపి, కొత్తది వేయవలసిందే.