ఈతకొలను ప్లాస్టరుకు మరక పడితే, పెచ్చులూడితే

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, గోపాలపూర్ ప్రాంతాల్లో ఇళ్లకూ చిన్న హోటళ్లకూ కట్టుకున్న ఈతకొలనుల్లో చాలావాటికి తెల్లసిమెంటు, పాలరాతి పొడి కలిపిన ప్లాస్టరే ఉంటుంది. దాని మందం ఇంచుమించు ఒక సెంటీమీటరు మాత్రమే. మరక కనబడగానే యాసిడ్ డబ్బా తెప్పించడం మనలో చాలామందికి అలవాటు. నేనూ మొదట అదే పని చేశాను. మూడేళ్లలో రెండుసార్లు కడిగించేసరికి మరక వదిలింది గానీ, మెట్లు గరుకెక్కి పిల్లల మోకాళ్లు గీసుకుపోయాయి. యాసిడ్ మరకతో పాటు దాని కింది సిమెంటునూ తినేస్తుంది కాబట్టి, ఆ పనిని చిట్టచివరికి ఉంచుకోవాలి.

ముందుగా మరక దేనివల్ల పడిందో తేల్చుకోవాలి. మందుల షాపులో దొరికే విటమిన్ సి మాత్రను మరకకు ఆనించి ఒక నిమిషం పట్టుకుంటే, ఇనుము మరక అయినప్పుడు ఆ మేరకు తెల్లబడుతుంది. తెల్లబడకపోతే, కొద్దిగా బ్లీచింగ్ పౌడరును గుడ్డలో మూటకట్టి మరక మీదే మరోచోట ఉంచి చూడాలి. అప్పుడు వెలిసిందంటే అది నాటుబాదం ఆకుల వంటివి రాలి నానడం వల్ల పడిన మరక. క్లోరిన్ కాస్త పెంచి బ్రష్షుతో రుద్దితే చాలు. నీలం, ఆకుపచ్చ కలిసిన చాయ ఉంటే, పాచి మందులోని రాగిని అనుమానించాలి. ఈ రెండు పరీక్షలనూ ఒకేచోట వెంటవెంటనే చేయకూడదు.

బోరునీటిలో ఇనుము ఉన్నచోట వచ్చే చిక్కు వేరు. నింపినప్పుడు అద్దంలా ఉన్న నీరు క్లోరిన్ పడగానే టీ రంగుకు తిరిగి, ఆ ఇనుము తుప్పుగా మారి గోడకూ నేలకూ పడుతుంది. దీనికి కొలను ఖాళీ చేయనక్కర లేదు. క్లోరిన్‌ను దాదాపు సున్నాకు దిగనిచ్చి, సుమారు నలభై వేల లీటర్లకు అరకిలో చొప్పున ఆస్కార్బిక్ యాసిడ్ (అంటే విటమిన్ సి) పొడిని మరకల మీదుగా చల్లి, పంపు నడుపుతూ ఉండాలి. మరక కరిగినా ఇనుము నీళ్లలోనే ఉంటుంది గనుక, లోహాలను పట్టి ఉంచే మందు వేసి, పీహెచ్ (నీటి పులుపు, క్షార గుణాల కొలత) సరిచేసి, ఆ తరువాతే క్లోరిన్‌ను కొద్దికొద్దిగా పెంచాలి. తొందరపడి ఒక్కసారే వేస్తే మరక మళ్లీ మొదటికొస్తుంది.

గరుకుదనానికి తరచుగా కారణం నీరే. సున్నం తక్కువగా ఉన్న నీరు తనకు కావలసిన కాల్షియాన్ని ప్లాస్టరు నుంచే లాక్కుంటుంది. వానాకాలమంతా కొలనులో పడేది అటువంటి నీరే. పీహెచ్ 7.2 నుంచి 7.6, క్షారత్వం 80 నుంచి 120 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), కాల్షియం కాఠిన్యం 200 నుంచి 400 పీపీఎం ఉండేలా చూసుకోవాలి.

పెచ్చులూడినచోట అతుకు వేయాలంటే మాత్రం నీళ్లు తీసేయక తప్పదు. ఆ పనికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు అనువైన కాలం. భూగర్భజలం పైకి ఉన్నప్పుడు ఖాళీ చేస్తే అడుగునుంచి వచ్చే ఒత్తిడికి నేల పగలవచ్చు, కొలను మొత్తం పైకి లేవవచ్చు కూడా. వానలు ఆగాయి కదా అని అక్టోబరులో మొదలుపెట్టడం మన తీరంలో మంచిది కాదు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న.

ఖాళీ అయ్యాక తాపీ పిడితో గోడంతా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, విడిపోయినచోట కుండ మీద కొట్టినట్టు డొల్లగా మోగుతుంది. మా ఒడియా మేస్త్రీ దాన్నే ‘ఫంపా’ అంటాడు. ఆ మేరకు సుద్దతో గీత గీసి, గ్రైండరుతో అంచు నిలువుగా కోసి, డొల్ల భాగాన్ని ఉలితో తీసేయాలి. చుక్కలాంటి తుప్పు మరక లోపలి చువ్వ నుంచి వస్తున్నట్లయితే, తుప్పు పట్టినంత మేరా చువ్వను కోసి, గుంటను సిమెంటుతో పూడ్చాలి. తరువాత పెచ్చు తీసినచోటంతా కడిగి, తడి ఆరకముందే జిగురు కలిపిన సిమెంటు పాలు పూసి, ఒక పాలు తెల్లసిమెంటుకు ఒకటిన్నర పాలు పాలరాతి పొడి కలిపి, నీరు తక్కువగా పోసి తాపీతో అదమాలి. కొత్త అతుకు పాత గోడలో తెల్లగా కనబడి తీరుతుంది. ఎంత నేర్పరి మేస్త్రీ అయినా రంగు కలపలేడు. డొల్ల సగానికి సగం ఉంటే అతుకులు మానేసి, మొత్తం ప్లాస్టరు కొత్తగా వేయించడమే నయం.

ఇన్ని చేశాకా మరక మిగిలితే అప్పుడే యాసిడ్. నీళ్లలోనే యాసిడ్ పోయాలి తప్ప, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు, రబ్బరు బూట్లు, యాసిడ్ ఆవిరిని ఆపే మాస్కు ఉండాలి. గోడను ముందే తడిపి, కొద్ది భాగం చొప్పున పోసి, అర నిమిషంలో కడిగేయాలి. దగ్గర్లో బ్లీచింగ్ పౌడర్ ఉండకూడదు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. అడుగున చేరిన నీటిని బట్టల సోడాతో విరిచాకే బయటికి తోడాలి.

మళ్లీ నింపేటప్పుడు మధ్యలో ఆపితే గోడ చుట్టూ గీత పడుతుంది. కొత్త ప్లాస్టరుకు పది రోజులపాటు రోజుకు రెండుసార్లు బ్రష్షు వేయాలి. ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసుకునే కొలనైతే 28 రోజుల వరకు ఉప్పు వేయకూడదు. నింపబోయే ముందురోజు సాయంత్రం తెల్ల బకెట్టులో బోరునీరు పట్టి, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేసి ఉంచండి. తెల్లారేసరికి అడుగున ఎర్రటి మడ్డి కనబడితే, ఆ నీటిని ఇనుము తీసే ఫిల్టరు గుండా పంపాలి, లేదా ట్యాంకరు నీళ్లకు చెప్పుకోవాలి.