పూల్ అంచున జిడ్డు గీత: ఎంజైమ్‌తో ఎలా వదిలింది

మా స్విమ్మింగ్ పూల్‌లో నీటిమట్టం దగ్గర టైల్స్‌పై జిగటగా గోధుమరంగు గీత, నీటిపై నూనె తెట్టు, శాండ్ ఫిల్టర్ ప్రెషర్ త్వరత్వరగా పెరగడం. క్లోరిన్, పీహెచ్ మాత్రం సరిగ్గానే ఉన్నాయి. షాక్ డోసు (ఒకేసారి ఎక్కువ క్లోరిన్ వేయడం), క్లారిఫయర్ (నీటిని తేటపరిచే మందు), ఆల్గేసైడ్ (పాచిమందు), రోజూ టైల్స్ తోమడం: ఏవీ నిలబడలేదు.

పనిచేసింది జిడ్డును విడగొట్టే పూల్ ఎంజైమ్ మందే, కానీ వరుస తప్పకూడదు. ముందు గీతను బ్రష్‌తో రుద్ది, సైట్ గ్లాసులో (బయటకు పోయే నీరు కనిపించే గాజు భాగంలో) నీరు తేటపడేదాకా ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ చేశాను, అంటే నీటిని వెనక్కి పంపి కడిగాను. తర్వాత, షాక్‌తో పెరిగిన ఫ్రీ క్లోరిన్ (నీటిలో ఇంకా పనిచేయగల క్లోరిన్) 3 పీపీఎంకి (పది లక్షల వంతుల్లో 3 వంతులకు) దిగేదాకా ఆగాను. అసలు కిటుకు ఇదే. ఎంజైమ్‌లు ప్రోటీన్లు; క్లోరిన్ బాగా ఎక్కువగా ఉంటే జిడ్డుపై పనిచేసేలోపే వాటిని పాడుచేస్తుంది. షాక్ చేసిన రోజే పోస్తే సీసా వృథా.

పీహెచ్ 7.4 దగ్గర ఉంచి, లేబుల్‌పై ఉన్న తొలి డోసును పంపు నడుస్తుండగా అంచు వెంబడి పోశాను. పంపు 24 గంటలూ ఆపలేదు. ముందు తెట్టు విడిపోయింది. గీత మెత్తబడ్డాక స్పాంజితో తుడిస్తే వచ్చేసింది. ఫిల్టర్ ప్రెషర్ శుభ్రంగా ఉన్నప్పటికంటే 8-10 పీఎస్‌ఐ పెరగగానే మళ్లీ బ్యాక్‌వాష్. ఆపైన వారానికోసారి లేబుల్ చెప్పిన చిన్న డోసు.

అందరికీ ఇలాగే కుదురుతుందనలేను. ఇది ఒంటి నూనె, సన్‌స్క్రీన్, లోషన్ల జిడ్డుకే. గీత తెల్లగా, గరుకుగా ఉంటే అది కాల్షియం కావచ్చు, ఎంజైమ్‌కు లొంగదు. ఎంజైమ్ పాచినీ క్రిములనూ చంపదు కాబట్టి క్లోరిన్ 1-3 పీపీఎం ఉంచాల్సిందే. చల్లటి నీటిలో పని నెమ్మదిస్తుంది. వెంటనే డోసు పెంచకండి.