ఇథియోపియన్ హోటల్లో శాకాహారులకు

అమెరికాలో వర్జీనియా, మేరీలాండ్ వైపు ఇథియోపియన్ హోటళ్లు చాలానే ఉన్నాయి. శాకాహారులు మెనూ అంతా వెతకక్కర్లేదు, శాకాహార 'బెయాయినెతు' కావాలని అడగండి చాలు. పెద్ద పళ్లెంలో ఇంజెరా అనే పలచటి రొట్టె పరిచి, దాని మీద కారంగా వండిన ఎర్ర మసూర్ పప్పు, ఆకుకూర, క్యాబేజీ, శనగపిండితో ఉడికించిన షిరో కుప్పలుగా పెట్టి తెస్తారు. షిరో పేరు ముందు 'బొజెనా' అని ఉంటే మాత్రం వద్దు, అందులో మాంసం ఉంటుంది.

వెన్న, నెయ్యి కూడా వద్దనుకుంటే 'ఫాస్టింగ్' వంటకాలు ఏవో అడగండి. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాల పదార్థాలు ముట్టరు కాబట్టి ఆ వంట వాళ్లకు బాగా అలవాటు.

ఇంజెరా చూడటానికి దోసెలా ఉన్నా, బాగా పులిసిన పిండి రుచి. చిన్న ముక్క తుంచి కూరను చుట్టుకుని తినాలి, కుడిచేత్తోనే. పక్కన చుట్టలు చుట్టి ఇచ్చిన ఇంజెరాతో మొదట్లోనే కడుపు నింపుకోకండి. నేను మొదటిసారి అదే చేశాను. అసలు రుచంతా అడుగున, పులుసు పీల్చుకుని మెత్తబడిన ఇంజెరాలో ఉంది, అప్పటికి నాకు చోటు లేదు!