తెలుగు ఓసీఆర్ యాప్‌ను వేరేవాళ్ల కంప్యూటర్లో నడిచేలా ప్యాక్ చేయడం

స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల నుంచి అక్షరాలు తీసిచ్చే చిన్న డెస్క్‌టాప్ యాప్ ఒకటి పైథాన్‌లో రాశాను. కోడ్ అందరికీ తెరిచే ఉంది. పైకి కనిపించే బటన్లు నావి, వెనకాల చదివే పని టెసరాక్ట్ అనే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే) ప్రోగ్రామ్‌ది. మొదటి కాపీ తెనాలిలో మా పెదనాన్నకు ఇచ్చాను. ఆయన ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంది, 'చదువు' నొక్కితే మాత్రం ఖాళీ. "ఏరా, నేనే ఏదో తప్పు నొక్కానా?" అని ఫోన్ చేశారు. ఆ మాటకు నాకు చాలా బాధేసింది. తప్పు నా ప్యాకింగ్‌లో ఉంది.

ఉబుంటులో టెసరాక్ట్ వేసుకుంటే చదవడానికి ఇంగ్లిష్ ఒక్కటే వస్తుంది. తెలుగు డేటా వేరే ప్యాకేజీ. నా దగ్గర అది ఎప్పటినుంచో ఉంది కాబట్టి లోటు తెలియలేదు. ఇప్పుడు ఆ ఫైలును యాప్‌తోనే పంపుతున్నాను. 'ఫాస్ట్' రకం చిన్నది, త్వరగా చదువుతుంది. ఓపిక ఉన్నవాళ్లు 'బెస్ట్' ఎంచుకోవచ్చు. ఫైలు ఎక్కడుందో టెస్‌డేటా_ప్రిఫిక్స్ (TESSDATA_PREFIX) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో, అంటే ప్రోగ్రామ్‌కు బయటి నుంచి అందించే విలువతో, చెప్పాలి. వెర్షన్ 3లో పై ఫోల్డర్‌ను చూపేవాళ్లం, 4 నుంచి నేరుగా టెస్‌డేటా ఫోల్డర్‌నే చూపాలి. పాత సలహాలు చూసి చేస్తే ఇక్కడే ఇరుక్కుంటారు.

టెసరాక్ట్ ప్రోగ్రామ్‌నూ లోపలే పెట్టండి. దాని మీద ఎల్‌డీడీ అనే కమాండ్ నడిపితే, బొమ్మల పని చూసే లెప్టోనికా మొదలుకొని ఏ లైబ్రరీలు (ప్రోగ్రామ్ వాడుకునే సిద్ధంగా ఉన్న కోడ్ ఫైళ్లు) కావాలో వరసగా చూపిస్తుంది. లినక్స్‌కు మూలమైన సీ లైబ్రరీ జీలిబ్‌సీని మాత్రం మూటలో కట్టకండి, అది వాడేవాళ్ల సిస్టమ్‌దే ఉండాలి. అందుకే మీరు సపోర్ట్ చేసే వాటిలో అన్నిటికన్నా పాత సిస్టమ్ మీద బిల్డ్ చేయాలి: ఉబుంటు 22.04లో జీలిబ్‌సీ 2.35, 20.04లో 2.31. కొత్తదాని మీద కట్టినది పాతదాని మీద మొరాయించవచ్చు.

నన్ను రెండు రాత్రులు తిప్పింది మరొకటి. 'ఫోల్డర్ తెరువు' నొక్కితే ఫైల్ మేనేజర్ వచ్చేది కాదు. పైథాన్ యాప్‌ను మూటగా కట్టడానికి నేను వాడే పైఇన్‌స్టాలర్, లినక్స్‌లో మన లైబ్రరీలు దొరకడానికి ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను (LD_LIBRARY_PATH, లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే వేరియబుల్) మారుస్తుంది. మనం పిలిచే బయటి ప్రోగ్రామ్‌కీ ఆ దారే అంటుకుని, అది తన లైబ్రరీలు వదిలి మనవి ఎత్తుకుంటుంది. పాత విలువ అదే పేరు చివర _ఆరిగ్ (_ORIG) చేర్చిన వేరియబుల్‌లో ఉంటుంది. బయటివాటిని పిలిచే ముందు ఎన్విరాన్‌మెంట్ కాపీ తీసుకుని, అందులో పాత విలువను తిరిగి పెట్టండి. పాత విలువ లేకపోతే ఆ వేరియబుల్‌నే తీసేయండి.

లైసెన్స్ ఫైళ్లు కూడా చేర్చండి, టెసరాక్ట్‌ది అపాచీ 2.0.

చివరగా, ఏమీ వేయని కొత్త వర్చువల్ మెషీన్‌లో (మన కంప్యూటర్ లోపలే నడిచే మరో కంప్యూటర్ లాంటిది) నెట్ ఆపేసి నడపండి. నేను 'పాత పుస్తకాలు' అని మధ్యలో ఖాళీతో, తెలుగులోనే ఫోల్డర్ పేరు పెట్టి చూస్తాను. పెదనాన్న పెట్టుకున్న పేరు అదే.