ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్‌లో అభ్యర్థనల రద్దీని అదుపు చేసిన విధం

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ముద్రణాలయంలో డిజైన్ విభాగపు లినక్స్ కంప్యూటర్లన్నీ ఒకే సర్వర్‌లోని ఫైళ్లను ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లను పంచుకునే పద్ధతి) మూడో వెర్షన్ ద్వారా వాడుకుంటాయి. ఒకరు స్కాన్ చేసిన పుటలను సర్వర్‌లోకి కాపీ చేయడం మొదలుపెట్టగానే, మిగిలినవారికి చిన్న శుభలేఖ ఫైలు తెరుచుకోవడం కూడా గగనమయ్యేది.

ఇటువంటప్పుడు కేబుళ్లను అనుమానించేకంటే ముందు ‘ఎన్‌ఎఫ్‌ఎస్ఐఓస్టాట్’ అనే కొలత సాధనం చూపే రెండు సగటులను పోల్చాలి. ఆర్‌టీటీ అనేది అభ్యర్థన బయలుదేరినప్పటి నుంచి జవాబు అందేవరకు పట్టిన కాలం; ఎగ్జిక్యూషన్ కాలంలో దానితోపాటు క్లయింట్ (సర్వర్‌ను వాడుకునే కంప్యూటర్) వరుసలో వేచి ఉన్న సమయం కూడా కలుస్తుంది. రెండింటి మధ్య తేడా పెద్దదైతే రద్దీ క్లయింట్‌లోనే ఉన్నట్టు. ఇక్కడ ఆర్‌టీటీయే విపరీతంగా పెరిగింది కాబట్టి అభ్యర్థనలు సర్వర్ వద్ద పేరుకుంటున్నాయని తేలింది.

పాత లినక్స్ కెర్నెళ్లలో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ఒక టీసీపీ కనెక్షన్‌కు డిఫాల్ట్‌గా 16 ఆర్‌పీసీ స్లాట్లే (జవాబు రాకముందే ఒకేసారి పంపగల అభ్యర్థనలకు చోట్లు) ఉండేవి, 3.1 కెర్నెల్ నుంచి అవి అవసరాన్ని బట్టి 65536 వరకు పెరగగలవు. అందువల్ల మెమరీలో పోగుపడిన రాతలన్నింటినీ (సర్వర్‌లో రాయాల్సిన డేటా) ఒకే క్లయింట్ ఒక్కసారిగా పంపితే, 8 థ్రెడ్లతో (అభ్యర్థనలను ఒక్కొక్కటిగా చేపట్టే పని ధారలు) నడుస్తున్న మా సర్వర్‌లో ఇతరుల చిన్న అభ్యర్థనలు వాటి వెనుక చిక్కుకునేవి.

ప్రతి క్లయింట్‌లో ఈ ఆర్‌పీసీ అభ్యర్థనలను పంపే సన్‌ఆర్‌పీసీ మాడ్యూల్ గరిష్ఠ టీసీపీ స్లాట్ల పరిమితిని 128కి తగ్గించి, మాడ్యూళ్ల సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ ఫైలులో రాసి, రీబూట్ చేశాను. అప్పటికే మౌంట్ అయి ఉన్న కనెక్షన్‌కు కొత్త పరిమితి వర్తించదు. ఇప్పుడు కాపీ చేసే యంత్రం తన రాతలను తన వరుసలోనే ఆపుకుంటోంది, పక్క బల్లపై శుభలేఖ వెంటనే తెరుచుకుంటోంది.