దోస్తు ఇంటికి పోయేటప్పుడు లాంజ్‌ల ఎట్ల తినాలె

మాది జడ్చర్ల. మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీల నాతోని చదివిన ఇద్దరు దోస్తులు పుణేల స్థిరపడ్డరు. బడి నౌకరి నుంచి రిటైరైనంక ఏడాదికొక్కసారి పోయి వాళ్లతాన నాలుగు దినాలు ఉండి వస్త. మొదటిసారి పోయినప్పుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టు లాంజ్‌ల, అంటే విమానం ఎక్కే ముందు కూసొని తినే గదిల, బిర్యానీ కడుపునిండ తిన్న. పుణేల దిగి ఇంటికి పోతే చెల్లె, అంటే దోస్తు భార్య, పొయ్యి ముందర నిలబడి జొన్నరొట్టెలు కాలుస్తున్నది. అక్కడ అంబాడి అని అమ్మే మన పుంటికూరతోని పప్పు కూడ చేసి పెట్టింది. ఒక్క రొట్టె కన్న ఎక్కువ తినలేకపోయిన. "మా వంట బాగలేదా అన్నా?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ మనసుల ఉన్నది. అందుకే ఇదంత రాస్తున్న.

ముందుగాల కార్డు సంగతి. కొన్ని బ్యాంకు కార్డులు చూపిస్తే లాంజ్ ఉచితమే గని ఆ కార్డుకు షరతులు ఉంటయి. మూడు నెలలకు ఇన్నిసార్లు అని లెక్క ఉంటది. చాన బ్యాంకులు అంతకు ముందటి మూడు నెలల్ల ఇంత ఖర్చు పెట్టి ఉండాలె అంటయి. ఒకసారి నన్ను దర్వాజ కాడనే ఆపిండ్రు. ఖర్చు తక్కువైందని అప్పుడే తెలిసింది. బయలుదేరే ముందటి దినమే బ్యాంకు యాప్‌ల చూసుకోండ్రి. వెంబడి వచ్చేవాళ్లకు వాళ్ల కార్డు వాళ్లకే ఉండాలె, లేకుంటే పైసలు కట్టాలె.

మా దిక్కు వాళ్లకు ఒక సుఖమున్నది. 44వ నంబరు హైవే మీద పోతే పట్నం కన్న ముందే శంషాబాద్ వస్తది, ట్రాఫిక్ గోస తక్కువ. ఇంట్ల రెండు బిస్కెట్లు, చాయ్ తాగి బయలుదేరుండ్రి. తెల్లారుజాము విమానమైతే లాంజ్ బయట లైను ఉంటది, అరగంట ఎక్కువ పెట్టుకోండ్రి.

లోపలికి పోంగనే ప్లేటు పట్టొద్దు. ఖాళీ చేతులతోని ఒక చుట్టు తిరగండ్రి, అన్ని మూతలు లేపి చూడండ్రి. ఇడ్లీ గిన్నె మూత లేపినప్పుడు మూత అంచు నుంచి నీళ్లు బొట్లు బొట్లుగ అంచుకున్న ఇడ్లీల మీదనే పడ్తయి. అవి మెత్తబడి చెంచాకు అతుక్కుంటయి. నడుమ ఉన్నవి తీసుకోండ్రి. లోపలి నుంచి కొత్త గిన్నె తెస్తున్నరంటే రెండు నిమిషాలు ఆగండ్రి. దోశ పోసే పెనం ఉంటే, కాల్చే పిలగానికి "జర ఎర్రగ కానియ్యి బిడ్డా" అని చెప్పండ్రి. అడిగితే మంచిగ కాల్చి ఇస్తరు. నా లెక్కల లాంజ్‌ల అన్నిటికన్న మంచి తిండి ఆ దోశనే.

ఏది వద్దో కూడ చెప్త, నేను సైన్సు సారును. విమానం లోపల గాలి ఒత్తిడి సుమారు 2,400 మీటర్ల ఎత్తు గుట్ట మీద ఉన్నంత తక్కువకు పడిపోతది. ఒత్తిడి తగ్గితే కడుపుల ఉన్న గ్యాసు ఉబ్బుతది. రాజ్మా, శనగల కూర, సోడా తీసుకున్నోళ్లకు మీద తెలుస్తది. ఆ పొడిగాలికి, తక్కువ ఒత్తిడికి నాలుకకు ఉప్పు, తీపి కూడ సరిగ తెల్వయి. రుచిగ తినాలనుకున్నది నేల మీద ఉన్నప్పుడే తినుండ్రి, విమానంల కొనుక్కునుడు దండుగ. నాలెక్క షుగర్ ఉన్నోళ్లు ఆకలితోని మాత్రం ఎక్కొద్దు. గోలి టైముకు కొంచెమన్న తిని, ఒక గ్లాసు నీళ్లు తాగుండ్రి. స్వీట్ల బల్ల దిక్కు నేను పోను.

అన్నిటికన్న పనికొచ్చే సంగతి ఇది. ప్లేటు పట్టే ముందు దోస్తు ఇంటికి ఫోన్ చెయ్యుండ్రి. "చెల్లె, ఇయ్యాల ఏం వండుతున్నవ్?" అని అడుగుండ్రి. ఆ ఇంట్ల ఉన్నది లాంజ్‌ల తినొద్దు. వాళ్లు రొట్టె చేస్తే ఇక్కడ ఇడ్లీ, వాళ్లు మాంసం వండితే ఇక్కడ పెరుగన్నం. నేనైతే సగం కడుపుకే లేస్త. పుణేకు గంటంబావుల దిగుతం, ఇంటికి పోయే వరకు ఇంకో గంట. ఆ లెక్కకు ఆకలి సరిగ్గ తయారైతది.

విమానాల టైములు చూపించే తెర కనబడే తాన కూసోండ్రి. లోపల పిలుపులు వినబడకపోవచ్చు. గేటు మూసే టైము బోర్డింగ్ పాసు మీద చూసి ఫోన్‌ల అలారం పెట్టుకోండ్రి.

చేతుల పట్టుకపోయే సకినాలకు ఏ అడ్డం లేదు. పెండ్లికి కుడుకలు తీసుకపోయేటోళ్లు జాగ్రత్త. ఎండుకొబ్బరిల నూనె ఎక్కువ, జల్ది అంటుకుంటదని కౌంటర్ల అప్పజెప్పే సామాన్ల బ్యాగుల పెట్టనియ్యరు.

పోయినసారి ఫోన్ చేస్తే, "పచ్చిపులుసు కలిపిన అన్నా, రొట్టెలు నువ్వు వచ్చినంకనే కాలుస్త" అన్నది. నేను రెండు గరిటెల పెరుగన్నం తిని, కాఫీ కప్పు అక్కడ పెట్టి గేటు దిక్కు నడిచిన. ఆ రాత్రి నాలుగు రొట్టెలు తిన్న.