గాజువాక లాంటి శివారు సీటులో గెలుపు అంచనా కట్టేదెలా

విశాఖ అంతటా ఒకే గాలి వీస్తుందనుకుంటే శివారు సీట్లలో అంచనా తప్పుతుంది. 2019లో తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ నాలుగూ తెలుగుదేశానికి వచ్చాయి. గాజువాక, పెందుర్తి, భీమిలి మాత్రం వైఎస్సార్‌సీపీకి పోయాయి. నగరం మొత్తానికి తీసిన సగటును పక్కన పెట్టి, ఏ సీటు లెక్క ఆ సీటుకే వేయాలి.

ముందు ఫారం 20 సంపాదించండి. ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. గత రెండు ఎన్నికలవీ తీసుకుని ఎక్సెల్‌లో ఎక్కించండి. బూత్ నంబర్లు మారిపోతుంటాయి కాబట్టి నంబరుతో జత కలపకండి, బడి పేరు, వీధి చూసి కలపండి. చాలామంది తడబడేది ఇక్కడే. తర్వాత బూత్‌లను గుంపులు చేయండి: ఉక్కు నిర్వాసితుల కాలనీలు, ఉక్కునగరం, గంగవరం వైపు మత్స్యకార పేటలు, కూర్మన్నపాలెం వైపు అపార్ట్‌మెంట్లు.

అసలు కష్టం పొత్తు లెక్కలో ఉంది. 2019లో జనసేన, తెలుగుదేశం విడివిడిగా పోటీ చేసినప్పుడు గాజువాకలో తిప్పల నాగిరెడ్డికి (వైఎస్సార్‌సీపీ) 75,292, పవన్ కల్యాణ్‌కు (జనసేన) 58,539, పల్లా శ్రీనివాసరావుకు (తెలుగుదేశం) 56,642 ఓట్లు వచ్చాయి. జనసేన, తెలుగుదేశం ఓట్లు కలిపితే 1,15,181, అంటే 39,889 ఆధిక్యం. కాగితం మీద కూడిక తేలికే. జనసేన ఓటులో 70 శాతమే సైకిల్‌కు బదిలీ అయి, మిగతాది ఫ్యాన్‌కు పోయిందనుకోండి: 97,619 ఎదురుగా 92,854. మిగిలేది 4,765 మాత్రమే! అందుకే బదిలీని 60, 75, 90 శాతాలుగా పెట్టి మూడుసార్లు లెక్క వేయాలి.

2024లో కూటమి తరఫున నిలిచిన పల్లాకు 1,57,703, వైఎస్సార్‌సీపీ అభ్యర్థి గుడివాడ అమర్‌నాథ్‌కు 62,468 వచ్చాయి. మెజారిటీ 95,235. పాత ఓట్ల కూడిక చెప్పినదానికన్నా 55,346 ఎక్కువ. వైఎస్సార్‌సీపీ కోల్పోయినవి 12,824 మాత్రమే. కూటమికి అదనంగా చేరినవి 42,522. అంటే పాత ఓటరు పార్టీ మారడాన్నే చూస్తే సరిపోదు, కొత్తగా పోలైన ఓటునూ పట్టుకోవాలి. 2021 జనవరిలో విశాఖ ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఇలాంటి స్థానిక సమస్య ఏ గుంపులో ఎంత కదిలిస్తుందో ప్రశ్నల్లో విడిగా అడగండి.

సర్వేకు 30 బూత్‌లు, బూత్‌కు 20 మంది, మొత్తం 600 మంది చాలు. బూత్‌ల జాబితాలో సమాన దూరంలో ఎంచుకోండి, నచ్చిన వీధికి పోకండి. షిఫ్టు డ్యూటీల ఊరు కనుక పగలే తిరిగితే ఉద్యోగులు దొరకరు. సాయంత్రాలు, ఆదివారాలు కేటాయించండి. నోటితో చెప్పించుకోవద్దు. అభ్యర్థుల పేర్లు, గుర్తులున్న చీటీ ఇచ్చి, మడిచి డబ్బాలో వేయమనండి. పొత్తు పేరు రాస్తే కుదరదు, ఓటరు నొక్కేది గుర్తునే. గ్లాసు గుర్తు కనపడక తికమకపడేవారు ఎందరో అప్పుడే బయటపడుతుంది. కిందటిసారి ఎవరికి వేశారనీ అడిగి ఫారం 20తో పోల్చండి. గెలిచినవాడికే వేశామని చెప్పుకునేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. ఆ మేరకు బరువులు (లెక్కలో ఒక్కో జవాబుకు ఇచ్చే విలువ) సరిచేయాలి.

600 మందితో ఒక్కో పార్టీ శాతంలో 4 పాయింట్ల వరకూ తేడా రావచ్చు. ఇద్దరి మధ్య అంతరంలో అది దాదాపు రెట్టింపవుతుంది. బూత్‌లవారీగా గుంపులుగా అడుగుతాం కాబట్టి ఇంకాస్త పెరుగుతుంది. కనుక 5 పాయింట్ల ముందంజ కనిపిస్తే గెలుపు ఖాయమనకండి, 100లో సుమారు 84 అవకాశాలని చెప్పండి. 2 పాయింట్లయితే నువ్వా నేనా అన్నట్టే.

నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక లెక్క మళ్లీ వేయండి. తిరుగుబాటు అభ్యర్థి నిలబడ్డాడా, తప్పుకున్నాడా అన్నది తేలేది అప్పుడే. ఎగ్జిట్ పోల్ చేస్తే మాత్రం, ఎన్నికల సంఘం ప్రకటించిన గడువు ముగిసేదాకా ఆ అంకెలు బయటపెట్టకండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ సెక్షన్ కింద అది నేరం.